వికర్ణుని స్థానం

నేరవిచారణ జరిగే ప్రతి న్యాయస్థానంలోనూ రెండు పక్షాలుంటాయి. ఒకటి ప్రభుత్వం. దానికి పోలీసు యంత్రాంగం ఉంది, ప్రయోగశాలలు ఉన్నాయి, జీతం తీసుకునే పబ్లిక్ ప్రాసిక్యూటరు ఉన్నాడు, తరగని ఖజానా ఉంది. రెండవది ముద్దాయి. తరచుగా అతనికి ఉన్నది ఒంటి మీది బట్ట, ఇంటి దగ్గర ఎదురుచూసే నలుగురు మనుషులు మాత్రమే. ఈ ఇరుపక్షాలనూ సమంగా తూచే బాధ్యత న్యాయమూర్తిది. అయితే తక్కెడలో ఒక పళ్ళెంలోనే సరుకు పడుతున్నప్పుడు, తూచేవాడు ఎంతటి నిష్పక్షపాతి అయినా ముల్లు ఒకవైపే మొగ్గుతుంది. ఈ లోపాన్ని సవరించడానికి ఆధునిక రాజ్యాలు ఏర్పరచుకున్న వ్యవస్థకే పబ్లిక్ డిఫెండర్ అని పేరు. ప్రభుత్వ ధనంతో జీవిస్తూ, ప్రభుత్వం మోపిన నేరాన్ని ప్రశ్నించడమే వృత్తిగా గల న్యాయవాది అతడు.

ఈ వ్యవస్థను గురించిన చర్చ సాధారణంగా నిధులు, నియామకాలు, పెండింగు కేసులు అనే పరిధిలోనే సాగుతుంది. ఆ చర్చ అవసరమే. కాని దాని వెనుక ఒక నైతిక ప్రశ్న ఉన్నది. పుట్టుకను బట్టి కొన్ని సమూహాల మీద అనుమానం మోపిన సమాజంలో, ఒక్కొక్క ముద్దాయి తరఫున మాత్రమే వాదించే న్యాయవాది ఆ సమూహమంతటికీ న్యాయం చేకూర్చగలడా? చేకూర్చాలని అతణ్ణి కోరడం ఉచితమేనా?

ఇతర దేశాలలో ఈ ప్రశ్నను వర్ణవివక్షతో ముడిపెట్టి అడుగుతారు. అది మనకు దూరపు ముచ్చట అనుకోవడానికి వీలులేదు. తెలుగులో ‘జాతి’ అనే మాట ఎంత విశాలమైనదో పాఠకులకు తెలుసు. దేశప్రజలూ జాతే, కులమూ జాతే, తెగా జాతే. ఇందులో చివరి అర్థానికి మన న్యాయచరిత్ర ఒక చేదు విశేషణాన్ని తగిలించింది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం చేసిన చట్టం కొన్ని తెగలను మొత్తంగా ‘నేరస్థ జాతులు’గా ప్రకటించింది. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికి కూడా వ్యాపించింది. ఆ జాబితాకెక్కిన తెగలో పుట్టిన బిడ్డ ఏ నేరమూ చేయకముందే పోలీసు రిజిస్టరులోకి ఎక్కేవాడు. ఊరు దాటాలంటే అనుమతి కావాలి, నిర్ణీత వేళకు హాజరు పలకాలి. బాపట్ల సమీపంలోని స్టూవర్టుపురం ఎరుకల వారికోసం ఏర్పడిన అటువంటి సెటిల్మెంటే. ఆ చట్టం 1952లో రద్దయింది. కాని ఆ పేరు చెప్పగానే దొంగతనం స్ఫురించే అలవాటు మన మాటల్లోంచీ, కథల్లోంచీ, సినిమాల్లోంచీ అంత తేలికగా తొలగలేదు. చట్టం పోయిన తర్వాత కూడా అనుమానం వారసత్వంగా మిగిలింది. 2024 అక్టోబరులో సుప్రీం కోర్టు, జైళ్ళలో కులాన్ని బట్టి పని కేటాయించే నియమాలను రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేస్తూ, ఈ విముక్త తెగల వారిని అలవాటుపడ్డ నేరస్థులుగా చూసే ధోరణిని కూడా తప్పుపట్టవలసి వచ్చిందంటే, రద్దయిన చట్టం నీడ ఎంత పొడవైనదో గ్రహించవచ్చు.

అమెరికాలో ఈ వ్యవస్థ పెరిగిన తీరు మన ఆలోచనకు కొంత తోడ్పడుతుంది. ప్రభుత్వమే రక్షణ న్యాయవాదిని ఇవ్వాలనే ప్రతిపాదనను 1893లో చికాగోలో క్లారా ఫోల్ట్జ్ అనే మహిళా న్యాయవాది వినిపించారు. 1914లో లాస్ ఏంజెలెస్‌లో అటువంటి కార్యాలయం మొదటిసారి తెరుచుకుంది. 1931లో అలబామా రాష్ట్రంలోని స్కాట్స్‌బరోలో తొమ్మిదిమంది నల్లజాతి యువకులపై అత్యాచార నేరం మోపి, సరియైన న్యాయవాది లేకుండానే హడావిడిగా విచారించి, ఎనిమిదిమందికి మరణశిక్ష విధించారు. మరుసటి ఏడు అక్కడి సుప్రీం కోర్టు ఆ శిక్షలను తోసిపుచ్చి, ప్రాణం మీదికి వచ్చే కేసులో న్యాయవాదిని ఇవ్వకపోవడం న్యాయప్రక్రియకే భంగమన్నది. 1963లో ఆ హక్కును తీవ్రమైన నేరారోపణలన్నింటికీ విస్తరింపజేసిన తీర్పు మాత్రం గిడియన్ అనే నిరుపేద శ్వేతజాతీయుని కేసులో వెలువడింది. జైలు గదిలోంచి పెన్సిలుతో రాసుకున్న అర్జీ ఆ తీర్పుకు మూలం. జాతి వివక్ష కారణంగా పుట్టిన ప్రశ్నకు సమాధానం పేదరికం గుండా పూర్తి అయిందన్నమాట. ఒకరికోసం తవ్విన బావి నీరు అందరికీ అందడమంటే ఇదే.

మన దేశంలో 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో 39-ఎ అధికరణం చేరింది. పేదరికం వల్ల గాని మరే అసమర్థత వల్ల గాని ఎవరికీ న్యాయం దూరం కారాదని, అందుకై ఉచిత న్యాయ సహాయం కల్పించాలని అది ఆదేశిస్తున్నది. 1979లో హుస్సైనారా ఖాతూన్ కేసులో బీహారు జైళ్ళలోని విచారణ ఖైదీల దుస్థితి వెలుగులోకి వచ్చింది. వారిలో కొందరు తాము చేసినట్లు చెబుతున్న నేరానికి పడగల గరిష్ఠ శిక్ష కంటే ఎక్కువ కాలం విచారణే లేకుండా జైలులో గడిపారు. 1987లో న్యాయ సేవా ప్రాధికార సంస్థల చట్టం వచ్చింది, 1995 నవంబరు 9న అమలులోకి వచ్చింది. షెడ్యూల్డు కులాల వారు, షెడ్యూల్డు తెగల వారు, స్త్రీలు, పిల్లలు, నిర్బంధంలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులని ఆ చట్టం 12వ సెక్షను పేర్కొంటున్నది. క్రిమినల్ ప్రొసీజర్ కోడు 304వ సెక్షనులో ఉండిన ఏర్పాటు, 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహిత 341వ సెక్షనులో కొనసాగుతున్నది. 2022లో జాతీయ న్యాయ సేవా ప్రాధికార సంస్థ, ముద్దాయిల పక్షాన పూర్తికాలం పనిచేసే న్యాయవాదులను జిల్లాల్లో నియమించే పథకాన్ని ప్రారంభించింది. పబ్లిక్ డిఫెండర్ అనే భావన ఆచరణలో మనకు అందిన రూపం ఇదే.

ఇక నైతిక ప్రశ్నకు వద్దాం. మొదటి ఆక్షేపణ అందరికీ తోచేదే. ప్రభుత్వం జీతమిచ్చే మనిషి ప్రభుత్వాన్ని మనసారా ఎదిరించగలడా? ఉప్పు తిన్నవాడు నిజం చెప్పగలడా? ఈ సందేహం మన సాహిత్యానికి కొత్త కాదు. కురుసభలో ద్రౌపది తన ప్రశ్న వేసినప్పుడు భీష్ముడు ధర్మసూక్ష్మం తేలరానిదన్నాడు, ఆచార్యులు తలలు వంచుకున్నారు. లేచి ఆమె పక్షాన ధర్మాన్ని వినిపించినవాడు ధృతరాష్ట్రుని కుమారుడే అయిన వికర్ణుడు. అతడు పాండవుల బంధుపక్షం వాడు కాడు, ఆమె వద్ద ఏ ప్రతిఫలమూ పుచ్చుకోలేదు. గెలిచిన వారి ఇంట పుట్టి, ఆ ఇంటి అన్నం తింటూ, ఓడిన వారికోసం మాట్లాడాడు. కర్ణుడు అతణ్ణి బాలుడవని గద్దించి కూర్చోబెట్టాడు. సభ అతని మాట వినలేదు.

ఈ ఘట్టంలో రెండు విషయాలు గమనార్హం. రాజాన్నం తిన్నంత మాత్రాన నోరు మూసుకోనక్కరలేదన్నది మొదటిది. ఆ సభలో ధర్మం పలకడానికి ఒకని వ్యక్తిగత సాహసం తప్ప మరో ఆధారం లేకపోయిందన్నది రెండవది. వికర్ణుడు ఉన్నాడు, వికర్ణునికి ఒక స్థానం లేదు. అతడు మాట్లాడితే వినితీరాలన్న నియమం లేదు. పబ్లిక్ డిఫెండర్ వ్యవస్థ సారాంశమంతా ఈ లోటును పూరించడంలో ఉన్నది. ఎదురు మాట వినడం రాజ్యానికి దయాధర్మంగా ఉండకూడదు, విధిగా ఉండాలి. తనను ఖండించడానికి తానే వేతనమిచ్చి ఒకరిని నిలబెట్టగల రాజ్యం ఆ మేరకు ధర్మబద్ధమైనది. అలా నిలబెట్టి, అతనికి పని చేసే వ్యవధి ఇవ్వని రాజ్యం కర్ణుని గద్దింపునే మరో రూపంలో వినిపిస్తున్నది.

రెండవ ఆక్షేపణ ఇంతకంటే బరువైనది. నేరం చేసినవాణ్ణి కాపాడటానికి ప్రజల సొమ్మెందుకు? ముఖ్యంగా బాధితులు దళితులో గిరిజనులో అయినప్పుడు, వారిని హింసించిన వారికి కూడా ఉచిత న్యాయవాది దొరకడం సామాజిక న్యాయమా? దీనిని దాటవేయడం నిజాయితీ అనిపించుకోదు. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితులు హత్యకు గురయ్యారు. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం క్రింద ఆ గ్రామంలోనే ప్రత్యేక న్యాయస్థానం ఏర్పడింది. 2007లో అది ఇరవై ఒక్కమందికి యావజ్జీవ శిక్ష విధించగా, 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసింది. ఆ వార్త విన్న బాధితుల గుండెకోత ముందు న్యాయసూత్రాలు వల్లించడం తేలిక కాదు. అయినప్పటికీ ఒక మాట చెప్పక తప్పదు. ముద్దాయి ఎవరన్నదాన్ని బట్టి రక్షణ హక్కును హెచ్చుతగ్గులు చేయడం ఒకసారి మొదలైతే, ఆ కత్తి ఎప్పటికైనా బలహీనుని మెడ మీదికే వస్తుంది. నేరస్థ జాతుల చట్టం చేసినది అదే కదా. బాధితులకు కావలసినది ముద్దాయి నోరు నొక్కడం కాదు, తమ గొంతుకు తగిన బలం. సమర్థమైన దర్యాప్తు, నిబద్ధత గల ప్రాసిక్యూటరు, సాక్షులకు రక్షణ కావాలి. అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో జరిగిన సవరణ బాధితులకూ సాక్షులకూ ప్రత్యేక హక్కులు కల్పించింది. రక్షణ న్యాయవాదిని బలహీనపరచకుండానే బాధితుల్ని బలపరచవచ్చునని ఆ సవరణ చూపుతున్నది.

మూడవ చిక్కు వృత్తి లోపలిది. సామాజిక న్యాయం మీద అభినివేశం గల న్యాయవాది తన ముద్దాయిని ఒక ఉద్యమానికి జెండాగా వాడుకోవచ్చా? ఒక గిరిజన యువకునిపై దొంగతనం కేసు ఉన్నదనుకుందాం. సాక్ష్యం బలహీనంగా ఉంది, జామీను దొరికే అవకాశముంది. న్యాయవాది మాత్రం పోలీసుల వివక్షను లోకానికి చాటాలన్న తపనతో కేసును పెద్ద రాజ్యాంగ వివాదంగా మలచదలిస్తే, ఆ యువకుడు మరో రెండేళ్ళు లోపలే ఉండవలసి రావచ్చు. అతనికి కావలసినది నాట్ల వేళకు ఇల్లు చేరడం. మనిషిని మరొకరి ఆశయానికి, అది ఎంత గొప్ప ఆశయమైనా సరే, సాధనంగా వాడటం అధర్మం. కనుక రక్షణ న్యాయవాది మొదటి విధి, ఎదుట నిలిచిన ఆ ఒక్క మనిషి పట్లనే. ఇందులో రాజీ లేదు.

మరి సమూహానికి న్యాయం ఎలా చేకూరుతుంది? అనుభవం చెప్పే సమాధానం ఇది: ఒక్కొక్క రక్షణనూ చివరంటా నిర్వహించడం ద్వారానే చేకూరుతుంది. అరుణాచల్ ప్రదేశ్‌కు చెందిన సుక్ దాస్ కేసు చూడండి. న్యాయవాది లేకుండా విచారణ జరిగి అతనికి రెండేళ్ళ శిక్ష పడింది. సహాయం కావాలని అతను అడగలేదు కదా అన్నది పై కోర్టు. 1986లో సుప్రీం కోర్టు ఆ వాదాన్ని అంగీకరించలేదు. తనకు అటువంటి హక్కు ఉన్నదనే తెలియనివాడు ఎలా అడుగుతాడు, తెలియజెప్పవలసింది న్యాయస్థానమే అన్నది. శిక్ష రద్దయినది ఒక్క మనిషికి. మేలు కలిగినది అడగడం తెలియని లక్షలాది మందికి. అలాగే మహారాష్ట్రలో 2003 నాటి ఒక దారుణ నేరం కేసులో సంచార తెగకు చెందిన ఆరుగురు మరణశిక్ష నీడలో ఏళ్ళ తరబడి గడిపారు. 2019 మార్చిలో సుప్రీం కోర్టు తన పూర్వపు తీర్పునే పునఃపరిశీలించి వారిని నిర్దోషులుగా విడిచిపెట్టింది. వారిని తప్పుగా ఇరికించారని చెప్పి, ఒక్కొక్కరికి ఐదు లక్షల రూపాయలు చెల్లించమన్నది. పదహారేళ్ళకు అయిదు లక్షలు! ఈ తీర్పు న్యాయవాదుల పట్టుదలకు కీర్తి తెచ్చింది. పదహారేళ్ళ క్రితం మొదటి కోర్టులో ఆ పట్టుదల ఉండి ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్నను కూడా మిగిల్చింది.

ఈ ఆలోచనలకు భిలాయి పరిసరాలు ఒక ప్రత్యేక సందర్భాన్ని కల్పిస్తున్నాయి. 1955లో సోవియట్ సహకారంతో కుదిరిన ఒప్పందం ఫలితంగా, 1959లో మొదటి కొలిమి రగిలిన ఈ ఉక్కునగరానికి దేశం నలుమూలల నుంచి జనం తరలివచ్చారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. రుఆబాంధా వంటి నివాస ప్రాంతాల్లో ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, ఛత్తీస్‌గఢీ సహజంగా కలసిపోతాయి. ఇక్కడి నేరవిచారణలు జిల్లా కేంద్రమైన దుర్గ్ కోర్టుకు చేరతాయి. అక్కడి వ్యవహారమంతా హిందీలోనే. ఒక తరం క్రితం వలస వచ్చిన కార్మికునికి, పరాయి భాషలో రాసిన కాగితం మీద వేలిముద్ర వేయడమంటే ఏమిటో ఈ కుటుంబాల్లోని పెద్దలకు ఎవరూ చెప్పనక్కరలేదు.

భిలాయి కొలిములకు ఇనుప ఖనిజం దక్షిణాన దల్లీ-రాజహరా గనుల నుంచి వచ్చింది. ఇంకా దక్షిణానికి పోతే బస్తరు. అక్కడి ప్రజల భాష గోండి, తెలుగుకు సమీప బంధువైన ద్రావిడ భాష. కోంటా వైపు దోర్లాల మాటల్లో తెలుగే వినబడుతుంది. మన భాషకు చెల్లెలి వంటి భాష మాట్లాడే మనిషి తనపై మోపిన నేరమేమిటో అర్థం కాని భాషలో వింటూ బోనులో నిలబడతాడు. 2017 ఏప్రిల్‌లో సుక్మా జిల్లా బుర్కాపాల్ వద్ద మావోయిస్టుల దాడిలో ఇరవై అయిదుమంది కేంద్ర రిజర్వు పోలీసు జవాన్లు మరణించారు. ఆ వీరుల కుటుంబాలకు నిజమైన దోషులు శిక్ష పొందడం చూసే హక్కు ఉంది. కాని ఆ కేసులో పట్టుబడిన గిరిజనులు అయిదేళ్ళ వరకు జైలులో ఉండి, 2022 జూలైలో 121 మంది నిర్దోషులుగా బయటికి వచ్చారు. సాక్ష్యం నిలవలేదు. ఇందులో ఓడినది ఎవరు? అయిదు పంటలు కోల్పోయిన వారా, దోషులెవరో తెలియక మిగిలిన అమరుల తల్లిదండ్రులా? ఇద్దరూ ఓడిపోయారు. మొదటి నెలల్లోనే ఒక్కొక్క మనిషి తరఫునా ఒక సమర్థుడైన న్యాయవాది గట్టిగా నిలబడి ఉంటే, దర్యాప్తు కూడా నిజమైన దోషుల వైపు మళ్ళి ఉండేదేమో. రక్షణ న్యాయవాది దర్యాప్తుకు శత్రువు కాడు. దర్యాప్తు తప్పుదారి పట్టకుండా చూసే కాపలాదారు.

తెలుగునాట ఈ పనిని ప్రభుత్వ వేతనం లేకుండానే నెత్తిన వేసుకున్నవారు ఉన్నారు. కె.జి. కన్నబిరాన్ జీవితమంతా నిర్బంధితుల పక్షాన వాదించారు. కె. బాలగోపాల్ గణితశాస్త్ర బోధన విడిచి, తర్వాత న్యాయవాదిగా మారి గిరిజనుల, పేదల కేసులు నడిపారు. బొజ్జా తారకం 1985లో కారంచేడు దళితుల హత్యాకాండకు నిరసనగా హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు పదవికి రాజీనామా చేశారు. ‘పోలీసులు అరెస్టు చేస్తే’ అన్న ఆయన పుస్తకం, అరెస్టయిన సామాన్యునికి తన హక్కులేమిటో తేట తెలుగులో చెప్పింది. వీరి అభిప్రాయాలతో అందరూ ఏకీభవించనక్కరలేదు. కాని బోనులోని మనిషికి వినిపించేవాడు ఒకడు కావాలన్న వారి పట్టు నిర్వివాదమైనది. అయితే మహనీయుల త్యాగం మీద ఆధారపడిన న్యాయం వారితోనే ముగుస్తుంది. వారు ఏ పని చేశారో అది ప్రతి జిల్లాలోనూ ఒక మామూలు ఉద్యోగి మామూలు పనిదినాన చేయగలిగినప్పుడే అది వ్యవస్థ అవుతుంది.

అందుకు మూడు నియమాలు అత్యవసరం. మొదటిది వేళ. అరెస్టయిన మనిషిని తొలిసారి మేజిస్ట్రేటు ముందు నిలిపినప్పుడే న్యాయవాది పక్కన ఉండాలి. భాగల్‌పూర్ అంధుల కేసులోనూ, 2012లో కసబ్ కేసులోనూ సుప్రీం కోర్టు ఈ మాట స్పష్టం చేసింది. రెండవది వ్యవధి. మధ్యప్రదేశ్‌లో ఒక మరణశిక్ష కేసులో న్యాయవాదిని నియమించిన రోజునే అభియోగాలు నమోదు చేశారు. 2019లో సుప్రీం కోర్టు ఆ విచారణనే రద్దుచేసి, ఇటువంటి కేసుల్లో సిద్ధం కావడానికి కనీసం ఏడు రోజులు ఇవ్వాలని నిర్దేశించింది. మూడవది భాష. ముద్దాయి మాట న్యాయవాదికి అర్థం కాకపోతే అతని రక్షణ మూగవాని పక్షాన మూగవాడు చేసే వాదన అవుతుంది. గోండి, హల్బీ తెలిసిన న్యాయవాదులనూ దుబాసీలనూ నియమించడం ఖర్చుతో కూడిన పనే. అమాయకుణ్ణి ఏళ్ళ తరబడి జైలులో పోషించడం అంతకంటే ఖరీదైనది.

వీటికి తోడు మరొక పని ఉన్నది. ఒక్కొక్క ఫైలులో ఒక్క మనిషే కనిపిస్తాడు. వంద ఫైళ్ళు ఒకే బల్ల మీదికి వచ్చినప్పుడు మాత్రమే, ఒకే కుగ్రామం నుంచి ఎందరు వచ్చారు, ఒకే పంచనామా సాక్షి ఎన్ని కేసుల్లో సంతకం చేశాడు, ఎన్ని నేరాంగీకార వాంగ్మూలాలు అక్షరం పొల్లుపోకుండా ఒకే తీరుగా ఉన్నాయి అన్నది తెలుస్తుంది. ఆ బల్ల రక్షణ న్యాయవాది కార్యాలయంలోనే ఉంటుంది. ముద్దాయిల పేర్లు గోప్యంగా ఉంచి, ఈ ధోరణులను ఏటేటా న్యాయస్థానానికీ ప్రభుత్వానికీ నివేదించడం ఆ కార్యాలయానికి బాధ్యతగా ఏర్పరచాలి. అప్పుడు కక్షిదారుని బలిపెట్టకుండానే సమూహానికి జరిగే అన్యాయం వెలుగులోకి వస్తుంది. ముందు చెప్పిన చిక్కు విడిపోయే దారి ఇదే. కోర్టులో ఒక్కని కోసం, నివేదికలో అందరి కోసం.

2022 చివరినాటికి దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఉండగా, వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురిపై నేరం ఇంకా రుజువు కాలేదు. వారిలో దళితులు, గిరిజనులు జనాభాలో తమ పాలును మించి ఉన్నారు. పేదవాడి కోపం పెదవికి చేటు అన్నది మన సామెత. కోపం వచ్చినా పైకి అనలేని మనిషి తరఫున దానిని చట్టం భాషలో చెప్పేవాడు ఉండటమే నాగరికత. జిల్లాల్లో ఈ న్యాయవాదుల నియామకాలు, వేతనాలు, జైలు సందర్శనలు ఏ అధికారుల చేతుల్లో ఉన్నాయో వారే ఈ పత్రిక పాఠకుల్లో కొందరు. ఆ ఫైలు మీ బల్ల మీదికి వచ్చినప్పుడు దానిని దానధర్మాల పద్దుగా చూడవద్దు. రాజ్యం తన తీర్పు మీద తాను నమ్మకం పెట్టుకోవడానికి చెల్లించవలసిన మూల్యమది.